అరటిపండు రోగం

మా నవ్యకు రెండు జబ్బులు వచ్చాయి. మొదటిది దానంతట అదే వచ్చింది. రెండోది మేం తెచ్చిపెట్టాం. మొదటిదానికి ఖమ్మంలో డాక్టరమ్మ మందు రాసింది. రెండోదాన్ని అసలు జబ్బు అనే ఎవరూ అనరు. పైగా "పాప ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విని విని ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

నేను కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌ని. కారేపల్లి దగ్గర మా తండా. ఇప్పుడు జూలూరుపాడులో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. నా భార్య సునీత ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మాకు ఒక్కతే కూతురు. జబ్బు మొదలైనప్పుడు దానికి ఎనిమిదేళ్లు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల మీద రిపోర్టులు తప్ప నేను ఎప్పుడూ ఏమీ రాసినవాణ్ని కాను. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మేం చేసిన తప్పును మాత్రం సర్దుకోకండి, అది మీ ఇంట్లో జరక్కుండా చూసుకోండి.

జూలై

వానలు మొదలయ్యాక లైన్‌మన్‌కు ఇల్లు గుర్తుండదు. తీగ మీద కొమ్మ పడ్డదని ఒకరు, ఫ్యూజు పోయిందని ఒకరు, మోటారు నడవట్లేదని పదిమంది. ఆ గొడవలో, నవ్యకు పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బుతోందని సునీత రెండు మూడుసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు. చీమ కుట్టిందని తండా నుంచి మా అమ్మ ఫోన్లో అంది. నిద్ర ఎక్కువైందని మా ఇంటి ఓనరమ్మ అంది. ఊళ్లో సూదులు వేసే ఆయన ఎలర్జీ అన్నాడు. ఒకరోజు బడి నుంచి వచ్చి సాక్సులు విప్పితే, వాటి అంచు దిగినచోట కాళ్ల మీద గాడి పడి ఉంది. వేలితో నొక్కితే సొట్ట పడింది, ఎంతసేపటికీ లేవలేదు. సునీత ఆ సొట్టను చూసి, తలెత్తి నన్ను చూసింది.

"ఇప్పుడన్న సెలవు పెడ్తవా, ఇంకా పెద్ద కొమ్మ పడాల్నా?" అంది.

మర్నాడే ఖమ్మం బస్సెక్కాం. పిల్లల దవాఖానాలో టోకెన్ తీసుకుని కూర్చున్నాం. కూర్చున్నాం అంటే మామూలుగా కాదు, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అయింది. ఆ హాల్లో మూలన ఏనుగు ఆకారంలో ప్లాస్టిక్ జారుడుబండ ఒకటి ఉంది. దాని మెడలో అట్టముక్క వేలాడదీశారు: "పిల్లలు ఎక్కరాదు." మరి ఎవరు ఎక్కాలి, నేనా? ముప్పై మంది పిల్లలు తల్లుల ఒళ్లో నలుగుతూ ఆ ఏనుగు వంకే చూస్తున్నారు.

మా పక్కన భద్రాచలం అవతల అడవి ఊరి నుంచి వచ్చిన ఒక కోయ తల్లి కూర్చుంది. ఆమె కూతురికీ మా పిల్లకు లాగే ముఖం ఉబ్బి ఉంది. ఆమె తెలుగు మాకు సగమే అర్థమైంది, మా తెలుగు ఆమెకు సగమే అర్థమైంది. ఆమె కొంగుముడి విప్పి చింతగింజలు తీసి బెంచీ మీద కుప్ప పోసింది. నోటితో ఉఫ్ అని ఊదితే కుప్ప నుంచి విడిపోయిన గింజల్ని, పక్కది కదలకుండా ఏరుకోవాలి. ఇద్దరు పిల్లలూ మూతులు ముందుకు పెట్టి ఊదుతూ, పక్క గింజ కదిలితే ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటూ రెండు గంటలు గడిపారు. ఇద్దరి మధ్య ఒక్క మాట కలవలేదు, ఆటకు మాత్రం ఏ అడ్డూ రాలేదు. చివరికి అటెండరు వచ్చి, "ఏందమ్మా గింజలు? ఇది దవాఖానానా, సంతనా?" అని కసిరి అవన్నీ తీయించాడు. ఆ తల్లి నాలుగు గింజలు నవ్య గుప్పిట్లో పెట్టి మూసింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

డాక్టరమ్మ పిల్లను చూసి, పరీక్షలు చూసి, కిడ్నీల్లోంచి ప్రోటీను మూత్రంలో పోతోందని చెప్పింది. "ఇది భయపడే జబ్బు కాదు, ఓపిక పట్టే జబ్బు. చాలామంది పిల్లలకు మెల్లగా తగ్గిపోతుంది. మధ్యలో మళ్లీ మళ్లీ రావచ్చు" అంది. పదకొండు వేల వోల్టుల లైను కింద నిలబడి టీ తాగేవాణ్ని నేను. మూత్రం పట్టిన చిన్న డబ్బా పట్టుకుని లాబు దగ్గర నిలబడి, మూత బిగిందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. కిడ్నీ అన్న మాట విన్నాక నాకు మిగతా మాటలేవీ తలకెక్కలేదు. చీటీలో మందుల కింద "రెస్ట్" అని రాసి ఉంది. అది మాత్రం బాగా కనపడింది.

ఆగస్టు నుంచి దసరా దాకా

మాత్రలు మొదలయ్యాయి. పొద్దున్నే మూత్రంలో ముంచే పట్టీ రంగు చూడటం, క్యాలెండరులో రాయడం నా డ్యూటీ అయింది. మాత్రలకు పిల్ల ముఖం గుండ్రమైంది, ఆకలి తోడేలు ఆకలైంది, కోపం ముక్కు మీదికొచ్చింది. ఉప్పు తగ్గించమన్నారని ఇంటిల్లిపాదీ చప్పిడి తిన్నాం. పిల్లను చూసుకోవడానికి తండా నుంచి వచ్చిన మా అమ్మ మొదటి ముద్దకే కంచం వంక అనుమానంగా చూసి, "గిది పప్పా, పసుపు నీళ్లా?" అంది. అయినా మనవరాలి ముందు లొట్టలేసుకుంటూ తిన్నది పాపం. మా అమ్మ మాట్లాడేది మా తండా భాష. మీకోసం తెలుగులో రాస్తున్నా.

మూడు వారాలకు వాపు పూర్తిగా దిగిపోయింది. మళ్లీ ఖమ్మం వెళ్లాం. డాక్టరమ్మ సంతోషించి, "బడికి పంపండి, మామూలుగా ఉండనివ్వండి" అంది. అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. సునీత మనసు ఆగక, "జాగ్రత్తలేమన్న ఉన్నయా మేడమ్?" అని అడిగింది.

"జలుబు, దగ్గు ఉన్నవాళ్ల దగ్గరికి పంపకండి" అంది డాక్టరమ్మ.

మేం బయటికి వచ్చేటప్పుడు ఆ వాక్యంలో తోక ఒక్కటే పట్టుకుని వచ్చాం: "పంపకండి." బస్సు ఏన్కూరు దాటేసరికి అది "ఎక్కడికీ పంపకండి" అయింది. ఇంటికి చేరేసరికి "కదలనియ్యకండి" అయింది. పాత చీటీలో "రెస్ట్" అన్న మాట తోడుండనే ఉంది. దాన్ని నేనే క్యాలెండరు పక్కన మేకుకు గుచ్చాను. ఎవరైనా పిల్లను పిలిస్తే వేలు పెట్టి చూపించేవాణ్ని. రాసింది ఏ వారానికో, ఎందుకో చదివిన పాపాన పోలేదు.

ఇక చూడాలి మా ఇంటి కాపలా. మా అమ్మ కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. వీధి పిల్లలు గేటు ముట్టుకుంటే చాలు, "ఏయ్, మా పిల్ల జోలికి రాకుండ్రి!" అని లేచేది. ఓనరమ్మది కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ ఎరువుల కొట్టు పెట్టుకున్న కుటుంబం. మంచి మనిషి. ఆమె తన మనవరాలు హాసినిని పిలిచి, "పాపని పరిగెత్తించావంటే చూడు, దాని కిడ్నీలు కదిలిపోతాయి" అని చెప్పింది. కిడ్నీలేమైనా గిన్నెలో పోసిన పాలా కదలడానికి? నేను ఆ రోజు అలా అడగలేదు. తలూపాను.

బడి సంగతి చెప్పనే అక్కర్లేదు. టైంటేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లు ఉన్నాయి. ఒకదాంట్లో లెక్కలు, రెండోదాంట్లో ఇంగ్లీషు. నేను వెళ్లి మా పాపను ఆడించకండి అని చెబితే, మేడమ్ నవ్వి, "మా దగ్గర ఎవర్నీ ఆడించం సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అంది. నేను నిజంగానే నిశ్చింతగా ఇంటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే స్తంభానికి కట్టేసి కొట్టాలనిపిస్తుంది.

దసరాకు చుట్టాలొచ్చారు. వాళ్ల పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే నవ్య గోడకు ఆనుకుని కాళ్లు ముడుచుకుని చూస్తోంది. మా బావమరిది దాని తల నిమిరి, "పిల్లలంటే గిట్ల ఉండాలె. ఎంత బుద్ధిమంతురాలు!" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. అవును, గర్వంగానే. దాచుకుని ఏం లాభం?

నవంబరు

చలికాలం మొదట్లో నవ్యకు జలుబు చేసింది. నాలుగోరోజు పొద్దున పట్టీ ఆకుపచ్చగా మారింది, అంటే ప్రోటీను మళ్లీ పోతోంది. రెండు రోజులకు కళ్ల కింద మళ్లీ ఉబ్బు.

భయం ఒక్కో ఇంట్లో ఒక్కో రూపంలో బయటికొస్తుంది. మా ఇంట్లో అది పోట్లాటగా వచ్చింది. "ఎవరు ఆడనిచ్చిండ్రు దీన్ని?" అని నేను అరిచాను. నేను కాదంటే నేను కాదని సునీత, మా అమ్మ ఒకరి మీద ఒకరు పడ్డారు. "మీ అమ్మ కునుకు తీసింటది, ఇది బయటికి ఉరికింటది" అని సునీత. "నీ మిషన్ చప్పుడుల నీకు పిల్ల యాదికుంటదా?" అని మా అమ్మ. ఆ గోలలో నవ్య వచ్చి నా లుంగీ పట్టుకుని లాగింది.

"నేను ఆడలే డాడీ. ఒట్టు. కూసునే ఉన్న. కావాల్నంటే నానమ్మనడుగు" అంది.

ముఖం ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఒంట్లో జబ్బు తిరగబెడితే, దొంగతనం చేయలేదన్నట్టు ఒట్టేసి చెబుతోంది ఎనిమిదేళ్ల పిల్ల. నాకు ఏడుపొచ్చింది, పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఖమ్మంలో డాక్టరమ్మ మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. జలుబుతో ఇలా తిరగబెట్టడం మామూలే అంది. రాస్తూ రాస్తూ తలెత్తి, "ఏం ఆటలాడతావమ్మా?" అని నవ్యను అడిగింది. నవ్య ముందు వాళ్లమ్మ ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. అప్పుడు చెప్పింది.

"ఏం ఆడను మేడమ్. మంచిగుంట."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎవరు చెప్పారు ఆడొద్దని?" అంది. నేను జేబులోంచి జూలై చీటీ తీశాను. మేకు గుచ్చిన రంధ్రంతో సహా. ఆమె దాన్ని చూసి, "ఇది వాపు ఎక్కువున్న ఆ నాలుగు రోజులకు రాశానయ్యా! నవంబరు దాకా గోడకు పెట్టుకోమన్నానా?" అని గట్టిగానే అరిచింది. బయట టోకెన్లు పట్టుకున్నవాళ్లు తొంగిచూశారు. "వాపు దిగిందా, ఆడనివ్వండి. మళ్లీ వచ్చిందా, మందివ్వండి. దిగాక మళ్లీ ఆడనివ్వండి. ఆటకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. మీరు ఆపింది జబ్బును కాదు, పిల్లను" అంది.

మా డ్యూటీలో ఒక పద్ధతి ఉంది. లైను మీద పని ఉంటే స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాం. అంటే, మనిషి పైన ఉన్నాడు, సప్లై ఇవ్వకండి అని. పనయ్యాక దిగి, మళ్లీ ఫోన్ చేసి ఎల్‌సీ రిటర్న్ చేయాలి. అది మర్చిపోయి ఇంటికెళ్లి అన్నం తిన్నాడనుకోండి, రిపేరు బ్రహ్మాండంగా అయినా ఊరంతా చీకట్లోనే ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ని. కన్నకూతురి దగ్గర మర్చిపోయాను.

ఫిబ్రవరి

వాపు దిగింది. చీటీ చింపేశాను. "పో బిడ్డా, ఆడుకో" అన్నాను. ఏదో స్విచ్ వేస్తే బల్బు వెలిగినట్టు పిల్ల ఉరుకుతుందనుకున్నాను.

అది గుమ్మం దాటలేదు. షటిల్ బ్యాట్లు తెస్తే కవరు కూడా విప్పకుండా బీరువా పక్కన నిలబెట్టింది. నేనే తాడు పట్టుకుని ఎగిరి చూపించాను, నడుం పట్టేసింది. "పడ్తవ్ డాడీ, కూసో" అంది నాకు. అచ్చం మా అమ్మ గొంతు. బయట పిల్లలు అరుస్తుంటే కిటికీ దగ్గరికి వెళ్లేది, చూసేది, వచ్చి మళ్లీ కూర్చునేది. మాత్రలతో రాని భయం నాకు అది చూశాకే వచ్చింది. ఈ పిల్లకు ఆడాలన్న ఆశే చచ్చిపోయిందా? కిడ్నీకి మందుంది. దీనికి ఏ కొట్లో దొరుకుతుంది?

చివరికి హాసినిని బతిమాలాను. దానికి పదేళ్లు, వీధి పిల్లలందరికీ నాయకురాలు. అది వచ్చి నవ్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మా ఇంటి ముందు ఓనరమ్మ ప్రహరీ కోసం తెప్పించి వదిలేసిన బండరాళ్లున్నాయి. పిల్లలు అక్కడ నేలా-బండా ఆడతారు. నేల దొంగది. మిగతావాళ్లు బండల మీద ఉండాలి. దొంగను ఏడిపించడానికి నేల మీదికి దిగుతారు. దిగినప్పుడు ముట్టుకుంటే ఔట్, వాళ్లే దొంగ.

నవ్య ముందు ఒక బండ మీద కర్రలా నిలబడింది. తర్వాత ఒక కాలు దింపింది. తర్వాత రెండోది. వారం తిరిగేసరికి నేల మీద పరిగెడుతోంది. నేను, సునీత కిటికీలోంచి చూసి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. పెళ్లప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

ఎనిమిదోరోజు సగం ఆటలో లేచి వచ్చేసింది. గోడకు ఆనుకుని కాళ్లు ముడుచుకుంది.

"ఏమైంది బిడ్డా, అలసిపోయినవా?"

"నేను అరటిపండునంట."

తెలుగు పిల్లలకు చెప్పనక్కర్లేదు. మరీ చిన్నవాళ్లు ఏడుస్తుంటే ఆటలో కలుపుకుని, దొంగకు మాత్రం రహస్యంగా సైగ చేస్తారు: వీడు ఆటలో అరటిపండు. వాడు ఎంత పరిగెత్తినా ఎవరూ పట్టుకోరు. పంటలేసి దొంగను తేల్చేటప్పుడు వాడి చెయ్యి లెక్కలోకి రాదు. మూడేళ్ల పిల్లలకు పెట్టే ఆ పేరు నా కూతురికి పెట్టారు. "నేను దొంగ ముందే నిలబడ్డ డాడీ. చెయ్యి గూడ చాపిన. హాసిని నన్ను చూడనట్టు పక్కకెళ్లి పోయింది. నేను లేనట్టే" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

నేను చరచరా వెళ్లి హాసినిని పట్టుకున్నాను. "నా బిడ్డను ఎందుకు ఔట్ చేస్తలేరు?" అని అరిచాను. ఔట్ చేసినందుకు పోట్లాడే తండ్రుల్ని చూశాను గానీ, చేయనందుకు పోట్లాడినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా.

హాసిని నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుందండీ అంకుల్! ముట్టుకుంటే కిడ్నీలు కదులుతాయని మా మామ్మ. తొయ్యొద్దని ఆంటీ. నవ్య వాళ్ల నానమ్మగారైతే కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నారు. మమ్మల్నేం చెయ్యమంటారు?"

నిజమే కదా. వాళ్లకేం తెలుసు? ఎవరు చెప్పిన మాట వాళ్లు వెనక్కి తీసుకోవాలి. ఓనరమ్మ తేలిగ్గానే ఒప్పుకుంది. "అయ్యో, నాకేం తెలుసు బాబూ, నాకు తోచింది అన్నాను" అంది. సునీత సరేనడానికి మూడు రోజులు పట్టింది. మా అమ్మ ఒప్పుకోలేదు.

"యాడీ, కర్ర లోపల పెట్టు" అన్నాను. మా భాషలో యాడీ అంటే అమ్మ.

"నీ చెల్లెను నేను ఆడనిచ్చిన" అంది మా అమ్మ.

నాకొక చెల్లెలుండేది. దానికి ఆరేళ్లప్పుడు కామెర్లతో పోయింది. పోవడానికి ముందురోజు కూడా తండాలో ఆడిందట. మా అమ్మ ఈ ముప్పై ఏళ్లుగా ఆ ఆటనే తప్పుపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. కర్ర సంగతి వదిలేసి అడిగాను: "ఆ రోజు ఆడి నవ్విందా యాడీ?" మా అమ్మ చాలాసేపు కొంగుతో ముక్కు తుడుచుకుని, "బాగ నవ్వింది" అంది. ఆ మాట తప్ప ఆ రోజు ఇంకేం తేలలేదు.

ఏప్రిల్

ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. ఒక సాయంత్రం ఎండ తగ్గాక పిల్లలందర్నీ బండల దగ్గర నిలబెట్టి చెప్పాను: "ఇయ్యాల్టి నుంచి నవ్య అరటిపండు కాదు. దిగితే పట్టుండ్రి. పడితే పడ్తది." హాసిని నమ్మలేదు. "ఆంటీ చెప్పాలి" అంది. సునీత గుమ్మంలో నిలబడి, "అవ్, పట్టుండ్రి" అంది. మా అమ్మ అరుగు మీద కూర్చునే ఉంది, కర్ర ఒళ్లోనే ఉంది.

పంటలేశారు. నవ్య చెయ్యి లెక్కలోకొచ్చింది. హాసిని దొంగయింది.

పట్టుమని పది నిమిషాలు కాలేదు, కేకలు. నేను పరిగెత్తాను. నవ్య రెండు బండల మధ్య బోర్లా పడి ఉంది. మోకాలు గీరుకుపోయి రక్తం. సునీత "అయ్యో" అని దూకబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

నవ్య లేచింది. మోకాలి వంక చూడను కూడా చూడలేదు. హాసిని మీదికి వెళ్లింది.

"తొండి! నా కాలు బండ మీదనే ఉంది! నువ్వు తొండి ఆడినవ్!"

"లేదు, నేల మీదే ఉంది. ఔటే నువ్వు!"

"ఒట్టు, బండ మీదనే ఉంది! తొండి ముఖమా!"

తొమ్మిది నెలల్లో మా పిల్ల అంత గట్టిగా అరవడం అదే మొదలు. పిల్లలు రెండు పార్టీలయ్యారు. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. అప్పుడు అరుగు మీద మా అమ్మ లేచి నిలబడింది. కర్ర ఎత్తింది. పిల్లలంతా బిగుసుకుపోయారు, హాసిని రెండడుగులు వెనక్కి వేసింది. నేను, అయిపోయింది ఆట, అనుకున్నాను.

మా అమ్మ కర్రతో నేరుగా నవ్యనే చూపించింది. పిల్లలందరికీ అర్థం కావాలని తెలుగులోనే అరిచింది.

"ఔటే! కాలు నేల మీదనే పెట్టింది. నా కండ్లతోని చూసిన. దొంగ ఇదే!"